తడిగుడ్డ లెక్క

జులై 26, 2025, శనివారం

పొద్దున దీపం పెడదామని హాల్లోకి వస్తే అరికాళ్ళకు గరగర తగిలింది. నిన్న పదకొండింటికి ఊడ్చి తడిగుడ్డ పెట్టిన బండలే. కొత్తగూడ ఫ్లైఓవర్ 2023 జనవరి 1న తెరిచినప్పుడు ఇక దుమ్ము తగ్గుతుందని సంబరపడ్డాం. ఆ పని అయిపోయింది గానీ చుట్టూ లేచే టవర్ల పని ఎక్కడ అయిపోతుంది? బొటానికల్ గార్డెన్ వైపు కిటికీ తెరిస్తే చెట్ల గాలి వస్తుంది. రోడ్డు వైపుది తెరిస్తే సాయంత్రానికి టీవీ మీద వేలితో పేరు రాయొచ్చు.

కానీ ఈ రోజు రాసుకోవాల్సింది దుమ్ము గురించి కాదు. అక్క గురించి. పదేళ్ళుగా మా ఇంట్లో పని చేస్తోంది. పాలమూరు వైపు ఊరు. చేత్తో గుడ్డ పట్టుకుని గొంతుకూర్చుని తుడవడమే ఆమెకు అలవాటు, అత్తమ్మకు అదే ఇష్టం. ఈ రోజు హాలు తుడిచి లేవబోయి లేవలేకపోయింది. సోఫా చెయ్యి పట్టుకుని ఒక నిమిషం అలాగే ఉండిపోయింది. "ఏం లేదమ్మా, మోకాలు పట్టింది" అంది. అత్తమ్మ మంచం మీంచి చూస్తూనే ఉంది. అక్క వెళ్ళాక నాతో, "బిడ్డా, ఇగ గా పిల్లను కూసోవెట్టి తుడిపియ్యకు. నా మోకాళ్ళు గిట్లనే పోయినయ్" అంది.

అందరిళ్ళలో తిరుగుతున్న, నేల ఊడ్చి తుడిచే రోబో గురించి మొదటిసారి నిజంగా ఆలోచించాను.

జులై 27, ఆదివారం రాత్రి

రోజంతా చదువుతూనే ఉన్నాను. ఇరవై ఏళ్ళుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉన్నదాన్ని. అమ్మేవాడు చెప్పే అంకె ఎలా కొలిచారో తెలియకుండా నమ్మడం నా వల్ల కాదు.

ఈ యంత్రాలకు పాతికేళ్ళ చరిత్ర ఉంది. స్వీడన్ కంపెనీ ఎలక్ట్రోలక్స్ 2001లో ట్రైలోబైట్ అనే రోబోను అమ్మకానికి పెట్టింది. మరుసటి ఏడాది అమెరికాలో రూంబా వచ్చింది. దాన్ని తెచ్చిన ఐరోబోట్ కంపెనీని ఎంఐటీ నుంచి వచ్చిన ముగ్గురు 1990లో పెట్టారు. అప్పటి రోబోలు గోడకు తగిలితే తిరిగి ఇంకో వైపు పోయేవి, అంతే. 2010లో నీటో అనే కంపెనీ తిరిగే లేజరును నెత్తిన పెట్టింది. అది గదంతా చూసి నక్షా గీసుకుంటుంది, వరస తప్పకుండా బారులు బారులుగా నడుస్తుంది. ఈ రోజు మంచి రోబోలన్నింటి నడక అక్కడ మొదలైందే. ఆ తర్వాత పందెం చైనాకు మారింది. రోబోరాక్, డ్రీమీ, ఇకోవాక్స్, నార్వాల్, ఇప్పుడు పైవరసలో వినిపించే పేర్లన్నీ అక్కడివే. ఈ జనవరిలో లాస్‌వేగాస్ ప్రదర్శనలో రోబోరాక్ ఒక చెయ్యి ఉన్న రోబోను చూపించింది. మూడు వందల గ్రాముల లోపు వస్తువులను నేల మీంచి ఎత్తి పక్కన పెడుతుందట. వీడియోలో సాక్సు ఎత్తడం అత్తమ్మకు చూపిస్తే రెండుసార్లు చూసింది.

ఇక పాస్కల్ సంగతి, అంటే దుమ్మును పీల్చే బలం. ప్రతి పెట్టె మీదా ఇదే అంకె. ఒకటి ఆరు వేలు అంటే పక్కది పది వేలు, ఇంకోటి పన్నెండు వేలు. పది వేల పాస్కల్ అంటే గొట్టంలో నీళ్ళను దాదాపు ఒక మీటరు ఎత్తుకు లాగేంత బలం. తక్కువేమీ కాదు. అయితే ఆ అంకె గాలి పోయే దారి పూర్తిగా మూసి కొలిచినది. బండ మీద నడిచేటప్పుడు ఆ నోరు తెరిచే ఉంటుంది. అక్కడ పని చేసేది పారే గాలి, నేలను తాకే బ్రష్షు. దట్టమైన తివాచీలు పరుచుకునే ఇళ్ళకు ఆ పెద్ద అంకె అవసరమేమో. మన ఇంట్లో ఉన్నవి విట్రిఫైడ్ బండలు. వాటి మీద దుమ్ము పైపైనే ఉంటుంది, చీపురుకే వస్తుంది. అయినా మిగిలేది మెత్తటి పొడి, అది తడిగుడ్డకు గానీ పోదు. కాబట్టి మన ఇళ్ళకు అసలు పరీక్ష తుడవడంలోనే అని నాకనిపిస్తోంది.

మా అపార్ట్‌మెంట్‌లోనే మూడు ఇళ్ళలో మూడు రకాలు ఉన్నాయి. వచ్చే శనివారం వెళ్ళి చూస్తానని అడిగాను. ముగ్గురూ రమ్మన్నారు.

ఆగస్టు 2, శనివారం

పరీక్ష సరుకు నేనే పట్టుకెళ్ళాను. గుప్పెడు బియ్యపు నూక. మా పాప దువ్వెనలో వెంట్రుకలు, నడుము దాటిన జడ మరి. చెంచా పసుపు నీళ్ళు, ఒక చుక్క కొబ్బరినూనె. పసుపు నీళ్ళు నేల మీద వేసి అరగంట ఎండనిచ్చాం. చూస్తానని అత్తమ్మ కూడా లిఫ్ట్ ఎక్కి వచ్చింది, కుర్చీ వేయించుకుని కూర్చుంది.

ఐదో అంతస్తులోది నాలుగేళ్ళ కిందటిది. వెనక పలక లాంటి గుడ్డ, అది నిమిషానికి మూడు వేలసార్లు అదురుతుంది. నూక బాగా లాగింది. వెంట్రుకలు రోలరు బ్రష్షుకు చుట్టుకున్నాయి, కత్తెరతో కోసి తీయాల్సి వచ్చింది. పసుపు మరక రెండోసారికి పలచబడింది. తర్వాత అది పడకగదిలోకి వెళ్ళింది. అక్కడ తెల్ల బండ మీద లేత పసుపు చార కనబడింది. గుడ్డను కడిగే ఏర్పాటు ఆ యంత్రానికి లేదు. ఇల్లంతా అయ్యాక మనమే ఊడదీసి ఉతకాలి.

అత్తమ్మ అప్పుడు ఒక మాట అంది. "మురికి గుడ్డతోని తుడిస్తే మురికి పరిసినట్టే బిడ్డా."

రాత్రి ఈ మాటే తిరుగుతోంది తలలో. అక్క మూడు గదులు తుడవడానికి బకెట్ నీళ్ళు రెండుసార్లు మారుస్తుంది. ప్రతి నాలుగు బండలకూ గుడ్డ జాడిస్తుంది, పిండుతుంది. తుడవడం అని మనం అనేదాంట్లో సగం గుడ్డ ఉతకడమే. గుడ్డను ఎన్నిసార్లు ఉతుకుతుందో చెప్పే అంకె పెట్టెల మీద ఎక్కడా లేదు.

ఆగస్టు 3, ఆదివారం

రెండో అంతస్తు. దీనికి వెనక రెండు గుండ్రటి తుడుపు గుడ్డలు, గిర్రున తిరుగుతాయి. కొంత మేర తుడిచాక తనంతట తానే డాక్‌కు, అంటే ఛార్జింగ్ పెట్టుకునే దాని గూటికి, వెళ్ళిపోతుంది. అక్కడ వేడినీళ్ళతో గుడ్డలు కడుగుతుంది, మురికి నీళ్ళు వేరే ట్యాంకులోకి లాగేస్తుంది, మళ్ళీ వచ్చి వదిలిన చోట మొదలుపెడుతుంది. అంతా అయ్యాక వేడి గాలితో గుడ్డలు ఆరబెడుతుంది. మొదట పసుపు మీద ఒకసారి తిరిగి వెళ్ళి కడుక్కుని వచ్చింది. రెండోసారికి మరక పోయింది. కొబ్బరినూనె జిడ్డు మాత్రం కొద్దిగా మిగిలింది. గోడ పక్కన వేలెడు మేర తడి తగలని గీత ఉండిపోయింది. గుడ్డను పక్కకు చాచి గోడ అంచు తుడిచే రకాలు కూడా వచ్చాయట, ఇది అది కాదు.

తొమ్మిదో అంతస్తులోది లక్ష దాటినది. గుడ్డలకు బదులు అడ్డంగా ఒక రోలరు. నడుస్తున్నంతసేపూ దాని మీద మంచినీళ్ళు పడుతుంటాయి, ఒక పలక మురికిని గీకేస్తుంటుంది. అంటే ప్రతి చుట్టుకూ జాడించిన గుడ్డే నేలను తాకుతుంది. తుడవడంలో మూడింటిలో ఇదే మేలు, సందేహం లేదు. కొబ్బరినూనె కూడా ఒక్కసారికే పోయింది. కానీ రోబో కడుపులో ఉన్న చిన్న మురికి ట్యాంకు మూత తీసి చూపించమన్నాను. లోపల జిగట, వాసన. ఆ ఇంటావిడ మొహమాటపడింది. పాపం, ఆమెదేం తప్పు? ఇద్దరూ ఉద్యోగస్తులు, వానాకాలం, రెండు రోజులు మర్చిపోతే అంతే. మురికి ఎక్కడికీ పోదు. నేల మీంచి గుడ్డకు, గుడ్డ మీంచి ట్యాంకులోకి చేరుతుంది. ఆ ట్యాంకు ఎవరో ఒకరు పారబోయాల్సిందే.

మూడు ఇళ్ళలోనూ చివర అత్తమ్మ తన తెల్ల చేతిరుమాలు తడిపి నేల మీద రుద్దించింది. ఈ పరీక్ష ఆమెకు ఎక్కడ అబ్బిందో నాకు తెలుసు. ఎనభైల చివర్లో బీహెచ్‌ఈఎల్ క్వార్టర్లలో ఉండగా యురేకా ఫోర్బ్స్ నుంచి టై కట్టుకున్న కుర్రాడు వచ్చి, పరుపు మీద వ్యాక్యూమ్ క్లీనరు నడిపి, తెల్లగుడ్డ మీద దుమ్ము పరిచి చూపించాడట. ఆమె అది కొనలేదు, గుర్తు మాత్రం పెట్టుకుంది. ఈ రెండు రోజుల రుమాళ్ళు: మొదటి ఇంట్లో బూడిద రంగు, రెండో ఇంట్లో కొద్దిగా, మూడో ఇంట్లో దాదాపు తెలుపు.

ఆగస్టు 8, శుక్రవారం, వరలక్ష్మీ వ్రతం

పూజ బాగా జరిగింది. అక్కకు వాయనం ఇస్తుంటే మెల్లగా అడిగింది. "మిషిను దెస్తున్నరంట గదమ్మా. ఇగ నన్ను రావొద్దంటరా?"

ఎవరో లిఫ్ట్‌లో చెప్పి ఉంటారు. నేనే ముందు చెప్పాల్సింది. ఆమె జీవితంలో అంత పెద్ద సంగతి ఇంకొకరి నోట వినాల్సి వచ్చింది, అది నాకు చాలా బాధనిపించింది. కూర్చోబెట్టి చెప్పాను. జీతం ఒక్క రూపాయి తగ్గదు. కూర్చుని తుడిచే పని మాత్రం ఉండదు. బోళ్ళు, బట్టలు మడతపెట్టడం, వారానికి ఒకసారి కర్ర మాప్‌తో మూలలు. ఆమె తలాడించింది గానీ నమ్మినట్టు లేదు.

ఎందుకు నమ్మాలి? ఇంటి పనివాళ్ళ కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో 189వ ఒప్పందం చేసింది. మన దేశం ఇప్పటికీ దాన్ని ధ్రువీకరించలేదు. సెలవూ జీతమూ అన్నీ మా నోటి మాట మీదే ఆధారం. కాబట్టి ఆ మాట ఇక్కడ రాసి పెడుతున్నాను, మా ఆయన చేత చదివించాను కూడా.

ఆగస్టు 10, ఆదివారం

ఇంకా రెండు సంగతులు తేలాలి.

ఒకటి కెమెరా. ఖరీదైన వాటిలో చాలావాటికి ముందు కెమెరా ఉంటుంది, చెప్పునూ వైరునూ గుర్తుపట్టి తప్పుకోవడానికి. 2022 చివర్లో ఎంఐటీ టెక్నాలజీ రివ్యూ ఒక కథనం వేసింది. పరీక్ష కోసం ఇళ్ళలో పెట్టిన రూంబాలు తీసిన ఫొటోలు, వాటిలో ఒకామె టాయిలెట్‌లో ఉన్నది కూడా, ఫొటోలకు గుర్తులు పెట్టే కూలి పనివాళ్ళ ద్వారా బయటికి వచ్చాయి. 2024లో అమెరికాలో కొన్ని ఇకోవాక్స్ రోబోలలోకి ఎవరో చొరబడి, వాటి స్పీకరులోంచి ఇంట్లోవాళ్ళను బూతులు తిట్టారు. మా ఇంట్లో ఎదిగిన ఆడపిల్ల ఉంది, స్నానం చేసి మెల్లగా గదిలోకి నడిచే పెద్దావిడ ఉంది. నేల మీద నడిచే కెమెరా నాకు వద్దు. లేజరు గీతలు వేసి అడ్డం చూసుకునే రకం ఉంది. అది సన్నటి వైర్లను ఒక్కోసారి గుర్తుపట్టదు. ఫరవాలేదు, వైర్లు మేం ఎత్తిపెట్టుకుంటాం.

రెండోది మా హాలు అంచు. చీమకుర్తి నల్ల గ్రానైట్ పట్టీ వేయించాం, గృహప్రవేశం నాడు అందరూ మెచ్చుకున్నారు. రోబో అడుగున మెట్లను కనిపెట్టే సెన్సర్లు ఉంటాయి. అవి కంటికి కనబడని పరారుణ కాంతిని కిందికి వదిలి, తిరిగి వచ్చేదాన్ని చూస్తాయి. నలుపు ఆ కాంతిని మింగేస్తే అక్కడ గొయ్యి ఉందనుకుని ఆగిపోతుంది. రెండో అంతస్తు వాళ్ళను బతిమాలి వాళ్ళ రోబోను మా ఇంటికి తెచ్చి వదిలాం. పట్టీ దగ్గర ఒక్క క్షణం తటపటాయించింది, తర్వాత దాటింది. నునుపు వల్ల కావచ్చు, చుక్కల మెరుపు వల్ల కావచ్చు. దాటింది, అది చాలు.

ఆగస్టు 23, శనివారం

తెచ్చాం. రెండో అంతస్తు రకమే, గుండ్రటి గుడ్డలు, వేడినీళ్ళ డాక్. అంచుల కోసం ఒక గుడ్డ పక్కకు చాచే కొత్త మోడల్, కెమెరా లేనిది. అరవై వేల లోపు. లక్ష దాటిన రోలరు ఎక్కువ బాగా తుడుస్తుందని నా కళ్ళతో చూశాను. కానీ దాన్ని రోజూ విప్పి కడిగే ఓపిక మా ఇంట్లో ఎవరికీ లేదు. కడగని రోలరు కన్నా కడిగే గుడ్డలు నయం.

డాక్‌ను వాషింగ్ మెషిన్ పక్కన పెట్టాం, ముందు జాగా వదలాలి కదా. నక్షా గీయడానికి పది నిమిషాలు పట్టలేదు. వరండా స్లైడింగ్ డోర్ పట్టాను దాటలేదు, వరండా అక్క కర్రతోనే. అత్తమ్మ మంచం కిందికి వెళ్తుంది, సోఫా కిందికి పట్టదు. తల మీద లేజరు బుడిపె వల్ల పది సెంటీమీటర్ల ఎత్తు ఇది. ఎనిమిది సెంటీమీటర్ల లోపు ఎత్తున్నవి ఉన్నాయి, వాటి ధర వేరు.

పూజగది గడపకు, గుమ్మం ముందు ముగ్గుకు యాప్‌లో హద్దు గీశాను. అక్కడికి అది రాకూడదు. టైము పదిన్నరకు పెట్టాను. పొద్దుగూకాక ఊడిస్తే లక్ష్మి పోతుందని అత్తమ్మ పట్టుదల. యంత్రమైనా సరే, ఆ సమయంలో మా ఇంట్లో నడవదు. డెబ్బై ఏళ్ళుగా ఆమె పాటించినది, నా ఇంట్లో ఆగిపోవడం నాకూ ఇష్టం లేదు.

నీళ్ళ సంగతి మర్చిపోకుండా రాయాలి. మా అపార్ట్‌మెంట్‌లో బోరు నీళ్ళు, చాలకపోతే ట్యాంకరు. కుళాయి మూతుల చుట్టూ తెల్లగా ఉప్పు పేరుకుంటుంది. అవే నీళ్ళు వేడి చేసే డాక్‌లో పోస్తే లోపలి గొట్టాలకు అదే గతి. చాలామంది ఆర్వో ఫిల్టరు వదిలేసే నీళ్ళు బకెట్‌లో పట్టి ఇల్లు తుడుస్తారు, పొదుపని. కర్ర మాప్‌కు అది మంచిదే. డాక్‌లో మాత్రం పొయ్యకూడదు, ఆ నీళ్ళలో ఉప్పులు ఇంకా చిక్కబడి ఉంటాయి. నల్లా నీళ్ళు రెండు రోజులకొకసారి వస్తాయి, వాటిని ఒక డబ్బాలో దాచి డాక్‌కు వాడుతున్నాం. ఫినాయిలు, శుక్రవారం వేసే కల్లుప్పు, రెండూ డాక్‌లో పనికిరావు. అత్తమ్మకు ఇది రుచించలేదు. శుక్రవారం పూజగది, హాలు ఉప్పునీళ్ళతో నేనే తుడుస్తానన్నాను.

మురికి నీళ్ళ ట్యాంకు ప్రతి సాయంత్రం పారబోసి కడిగే పని మా ఆయనది. అక్క చేత చేయించకూడదు అనుకున్నాం. మోకాళ్ళ పని తప్పించి ముక్కుకు పని పెట్టడం న్యాయం కాదు.

సెప్టెంబరు 21, ఆదివారం, ఎంగిలిపూల బతుకమ్మ

ఇల్లంతా తంగేడు, గునుగు, బంతి. గునుగు రేకుల పొట్టు నేలంతా రాలింది. పాప తెలియక రోబోను వదిలింది. తడి బంతి రేకులు గుడ్డల కింద నలిగి, డాక్‌లో నీళ్ళు పోయే దారి మూసుకుంది. ఆయన టార్చి వేసుకుని చెంచాతో తీశారు. పూలు, కూరగాయల చెక్కు, పారబోసుకున్న అన్నం, ఇలాంటి తడి చెత్తకు చీపురే. తడివి లోపలికి లాగితే దుమ్ముతో కలిసి బురదై ఫిల్టరు పాడవుతుంది. చీపురుకట్ట, చేట తలుపు వెనక వాటి చోట అవి ఉండాల్సిందే.

అక్క సద్దుల బతుకమ్మకు ఊరికి వెళ్తానంది. ఆరు రోజులు. "ఇల్లు దుమ్ము గాదు గదమ్మా ఇప్పుడు" అంది, నవ్వుతూ. ఇన్నేళ్ళలో పండక్కి ఆమె అన్ని రోజులు అడగడం ఇదే మొదలు.

డిసెంబరు 16, మంగళవారం

ఐరోబోట్ దివాలా పిటిషన్ వేసిందని నిన్న వార్త. వాళ్ళకు యంత్రాలు తయారు చేసి ఇచ్చే చైనా కంపెనీ పీసియా దాన్ని తీసుకోబోతోంది. అమెజాన్ 2022లో 170 కోట్ల డాలర్లకు కొంటానని 2024 జనవరిలో మానుకుంది. లేజరు నక్షా తెచ్చిన నీటో 2023లోనే మూతపడింది. ఇంటింటికీ ఈ యంత్రాన్ని తెచ్చినవాళ్ళలో ఇద్దరి గతి ఇది. యంత్రం గట్టిదైనా, వెనక ఉన్న కంపెనీ పోతే యాప్ ఏమవుతుంది, బ్రష్షులు ఎక్కడ దొరుకుతాయి? నిన్న రాత్రి మా దాన్ని వైఫై ఆపి, మీద ఉన్న బొత్తం నొక్కి చూశాను. ఇల్లంతా తిరిగి వచ్చింది. కొనక ముందే చూడాల్సిన పరీక్ష ఇది.

మణికొండ నుంచి చెల్లెలు అడుగుతోంది, ఏది కొనమంటావక్కా అని. నాలుగు నెలల లెక్క చూసుకున్నాను. ఒక దుమ్ము సంచి రెండు నెలలు వచ్చింది. తుడుపు గుడ్డలు ఒక జత మార్చాం. పాప వెంట్రుకలు పక్క బ్రష్షు ఇరుసుకు చుట్టుకుంటాయి, ఆదివారం ఆదివారం తీయాలి. అత్తమ్మ రుమాలు పరీక్ష నెలకొకసారి జరుగుతోంది. ఇప్పటికీ పూర్తి తెలుపు రాలేదు, కానీ ఆమె ఒప్పుకుంది.

చెల్లెలికి ఇలా రాశాను:

"పాస్కల్ అంకె చూడకు. గుడ్డను తనంతట తాను కడుక్కుని, వేడిగాలితో ఆరబెట్టుకునేదే తీసుకో. అది లేకపోతే ఎంత చవకైనా వద్దు. మురికి ట్యాంకు రోజూ ఎవరు పారబోస్తారో ఇంట్లో ముందే తేల్చుకో. తేలకపోతే లక్ష పెట్టినా వాసనే మిగులుతుంది. దుకాణంలో కాదు, తెలిసినవాళ్ళ యంత్రాన్ని ఒక పూట మీ ఇంటికి తెచ్చి వదిలి చూడు. మీ గడపలు, మీ నల్ల రాయి, మీ సోఫా ఎత్తు దుకాణంలో ఉండవు. మీ ఇంట్లో పని చేసే అమ్మకు మాత్రం ఆ మాట ఇంకొకరు చెప్పక ముందే నువ్వే చెప్పు, ఆమె జీతం తగ్గించకు."